బటన్ రోగి చేతిలో... కళ్ళు సిస్టర్‌వి

ఉదయం ఆపరేషన్ అయితే అసలు నొప్పి తెలిసేది రాత్రికే. మత్తు పూర్తిగా వదిలి, చూడవచ్చిన చుట్టాలు వెళ్ళిపోయి, వార్డులో లైట్లు తగ్గాక కుట్లు లాగడం మొదలవుతుంది. కాసేపు పళ్ళబిగువున ఓర్చుకుంటారు. ఇక తాళలేక మంచం పక్కన చాప మీద కునుకు తీస్తున్న కూతుర్ని లేపుతారు. ఆమె సిస్టర్ కోసం పరుగెడుతుంది. సిస్టర్ అప్పటికే ఇంకో మంచం దగ్గర సెలైన్ మారుస్తూ ఉంటుంది. "వస్తున్నానమ్మా, రెండు నిమిషాలు" అంటుంది. మార్ఫిన్, ఫెంటానిల్ లాంటి మందులు మామూలు ట్రేలో దొరకవు, తాళం వేసిన అలమరలో ఉంటాయి. తాళాలు తెచ్చి, రిజిస్టర్‌లో రాసి, ఇంకొకరి సంతకం తీసుకుని, ఆంపుల్ విరిచి సిరంజిలోకి లాగేసరికి అరగంట గడిచిపోతుంది. కండకు వేసిన మందు పట్టడానికి మరికొంత సేపు. పట్టాక ఒక్కసారిగా మగత కమ్ముతుంది. మూడు నాలుగు గంటలకు అది దిగిపోతుంది, కూతురు మళ్ళీ చాప మీంచి లేస్తుంది.

నొప్పి మందు పంపు పుట్టింది ఈ తిప్పలు తప్పించడానికే. అమెరికాలో ఫిలిప్ సెక్జర్ అనే మత్తు డాక్టర్ 1960ల చివర్లో రోగుల చేతికే బటన్ ఇచ్చి చూశాడు. నొప్పి అనిపించినప్పుడు రోగి నొక్కాలి, నొక్కగానే నరంలోకి కొద్దిపాటి మందు వెళ్ళాలి. తొలి ప్రయోగాల్లో ఆ మందు ఎక్కించింది యంత్రం అనుకునేరు. పక్కనే ఉన్న నర్సు. ఆ పని చేసే యంత్రంతో వచ్చిన ఫలితాలను ఆయన 1971లో ప్రచురించాడు. 1976లో బ్రిటన్‌లోని కార్డిఫ్ నుంచి 'కార్డిఫ్ పాలియేటర్' అనే పంపు బజారులోకి వచ్చింది. అమ్మకానికి వచ్చిన మొట్టమొదటి పంపు అదే. ఇవాళ పెద్దాసుపత్రుల్లో 'పీసీఏ' అని మూడక్షరాల్లో పిలుచుకునే పద్ధతి ఇదే: పేషెంట్ కంట్రోల్డ్ అనాల్జీసియా. తన నొప్పి మందును తన చేతిలోనే ఉంచుకోవడం.

అయితే యంత్రం అందుకున్నది నర్సు చేతిపని మాత్రమే. రోగిని గమనించే పని యంత్రానికి రాలేదు. పంపు తగిలించేశాం గనక ఆ మంచం సంగతి ఇక చూడక్కర్లేదని అనుకున్న చోటల్లా ముప్పు పొంచి ఉంటుంది.

నొక్కితే ఏమవుతుంది

పంపు చూడ్డానికి పెద్ద విశేషంగా ఉండదు. సెలైన్ స్టాండుకు బిగించిన ఒక డబ్బా, లోపల మందు నింపిన సిరంజి, దాని మీద తాళంతో మూత, ముందువైపు చిన్న తెర. డబ్బా నుంచి ఒక వైరు, దాని కొసన బటన్. కేస్ షీట్‌లో మత్తు డాక్టర్ రాసిన అంకెలను నర్సు ఆ తెర మీద నమోదు చేస్తుంది. ఏ మందు, ఒక మిల్లీలీటరులో అది ఎంత ఉంది, ఒక్క నొక్కుకు ఎంత వెళ్ళాలి, ఒక నొక్కుకీ ఇంకో నొక్కుకీ మధ్య ఎంతసేపు తలుపు మూసి ఉంచాలి, గంటలోనో నాలుగు గంటల్లోనో మొత్తం ఎంతకు మించకూడదు. పెద్దవాళ్ళకు మార్ఫిన్ అయితే ఒక్క నొక్కుకు 1 మిల్లీగ్రాము, మధ్యలో 5 నుంచి 10 నిమిషాల విరామం. ఇది చాలాచోట్ల కనిపించే లెక్క. ఆ విరామాన్నే లాకౌట్ అంటారు. అప్పుడు ఎన్నిసార్లు నొక్కినా చుక్క కూడా వెళ్ళదు.

వెళ్ళకపోయినా పంపు ఆ నొక్కుళ్ళను లెక్కపెట్టుకుంటుంది. అనుభవమున్న నర్సు తెర మీద మొదట చూసేది ఈ రెండంకెలనే: ఎన్నిసార్లు అడిగారు, ఎన్నిసార్లు అందింది. పదిసార్లు నొక్కితే ఎనిమిదిసార్లు అందిందంటే సవ్యంగా సాగుతున్నట్టు. నలభైసార్లు నొక్కితే ఎనిమిదే అందాయంటే ఎక్కడో తేడా ఉంది. మోతాదు చాలకపోవచ్చు. బటన్ సంగతి రోగికి సరిగ్గా అర్థంకాకపోవచ్చు. క్యాన్యులా నరంలోంచి జారి మందు చర్మం కిందికి పోతూ ఉండవచ్చు. లేదంటే ఆ నొప్పి కోతది కానే కాకపోవచ్చు. మార్ఫిన్ వల్ల మూత్రం బిగదీసుకుపోయే మాట నిజం. పొత్తికడుపు నిండి బిర్రబిగిసిన మనిషి దాన్ని ఆపరేషన్ నొప్పే అనుకుని బటన్ నొక్కుతూ పోతే ఇబ్బంది పెరుగుతుందే తప్ప తగ్గదు. కడుపు మీద చెయ్యి వేసి చూసిన సిస్టర్‌కు ఒక్క క్షణంలో తెలిసే ఈ విషయం ఏ తెర మీదా కనిపించదు.

ఈ పద్ధతిలో అందమైన విషయం ఒకటుంది. మందు ఎక్కువైతే రోగికి మగత వస్తుంది, మగతలో ఉన్నవాళ్ళు బటన్ నొక్కరు, నొక్కకపోతే మందు వెళ్ళదు. అంటే మితిమీరకముందే దానంతటదే ఆగిపోతుంది. మొత్తం భద్రతకు పునాది ఇదే. దాన్ని కదిలించేది సాధారణంగా పంపు కాదు, ప్రేమ.

"మా అమ్మ ములుగుతోంది సిస్టర్, నేను నొక్కేదా?"

మన ఆసుపత్రుల్లో రోగి ఒక్కరే ఉండటం అరుదు. మంచం పక్కన కూతురో కోడలో తమ్ముడో అటెండెంట్‌గా ఉండాల్సిందే. నిద్రలో అమ్మ ములిగిందనుకోండి. "పాపం, నొప్పేమో" అని కూతురు బటన్ నొక్కుతుంది. కాసేపాగి మళ్ళీ నొక్కుతుంది. మధ్యాహ్నం చూడటానికి వచ్చిన మనవడు ఇదేదో టీవీ రిమోట్ అనుకుని ఇంకోసారి. మగతలో ఉన్న మనిషికి మందు వెళ్తూనే ఉంటుంది. ఆగాల్సిన చోట ఆగడానికి ఉన్న ఒకే ఒక్క అడ్డు అలా తొలగిపోతుంది. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004 డిసెంబరులో ప్రత్యేకంగా ఈ ఒక్క విషయం మీదే హెచ్చరిక జారీ చేసింది: రోగి తరఫున ఇంకొకరు బటన్ నొక్కడం వల్ల ప్రాణాలు పోతున్నాయని. కుటుంబ సభ్యులే కాదు, దయతలచి ఆసుపత్రి సిబ్బంది నొక్కినా ఫలితం అదే. చిన్నపిల్లలకు నర్సే నొక్కే పద్ధతి వేరే ఉంది. దానికి మోతాదులు, విరామాలు, నిఘా అన్నీ వేరుగా రాస్తారు. పెద్దవాళ్ళకు రాసిన లెక్కతో ఆ పని చేయకూడదు.

అందుకే "రోగి తప్ప ఎవరూ నొక్కరాదు" అని బటన్‌కు చీటీ కడతారు. చీటీ కన్నా పనికొచ్చేది ఆపరేషన్‌కు ముందురోజు చెప్పే నాలుగు మాటలు. రికవరీ రూమ్‌లో మగత ఇంకా వదలని మనిషి చేతిలో బటన్ పెట్టి ఎంత వివరించినా తలకెక్కదు. తెలివిగా ఉన్నప్పుడే పంపు చూపించి, చెప్పడం అయ్యాక, "ఏదీ పెద్దమ్మా, నొప్పి వస్తే ఏం చేస్తారో నాకు చెప్పండి" అని ఆవిడ నోటితోనే చెప్పించుకోవాలి. "ఊఁ" అన్నంత మాత్రాన అర్థమైనట్టు కాదు. చాలామంది పెద్దవాళ్ళు మందు అలవాటైపోతుందనే భయంతో నొక్కకుండా ఓర్చుకుంటారు. దగ్గకుండా, కదలకుండా ముడుచుకుని పడుకుంటారు, మూడో రోజుకు ఛాతీలో కఫం పట్టేస్తుంది. ఆపరేషన్ నొప్పికి ఆ కొద్ది రోజులు వాడే మందు వేరు, వ్యసనం వేరు అని ఎవరో ఒకరు కూర్చుని చెప్పాలి. ఫిజియోథెరపిస్ట్ వచ్చి నడిపించడానికి కొద్ది నిమిషాల ముందే ఒకసారి నొక్కుకోవచ్చని చెబితే ముఖాలు ఎలా వికసిస్తాయో చూడాలి.

బటన్ ఇవ్వకూడని వాళ్ళూ ఉన్నారు. ఆపరేషన్ తర్వాత పలవరిస్తున్న వృద్ధులు, కీళ్ళవాతంతో వేళ్ళు వంకర్లు పోయి నొక్కలేనివాళ్ళు, ఎందుకు నొక్కాలో తెలియని పసివాళ్ళు. వీళ్ళకు పంపు పెట్టి "పెట్టాం కదా" అనుకోవడం కన్నా వేళకు ఇంజెక్షన్ ఇవ్వడమే మేలు.

ఒక్క అంకె

పంపు గుమస్తా లాంటిది. ఇచ్చిన లెక్క పొల్లుపోకుండా అమలు చేస్తుంది, ఆ లెక్క తప్పో ఒప్పో అడగదు. సిరంజిలో నిజంగా ఏముందో దానికి తెలియదు. మనం ఏముందని చెప్పామో అదే తెలుసు.

విదేశాల్లో చాలాచోట్ల ముందే నింపిన సిరంజిలు వస్తాయి. మన దగ్గర ఎక్కువగా వార్డులోనో ఓటీలోనో కలుపుకోవాల్సిందే. మార్ఫిన్ ఆంపుళ్ళు మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములవీ ఉన్నాయి, 15 మిల్లీగ్రాములవీ ఉన్నాయి. 50 మిల్లీలీటర్ల సిరంజిలో మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము చొప్పున కలపాలంటే 10 మిల్లీగ్రాముల ఆంపుళ్ళు ఐదు విరిచి, 45 మిల్లీలీటర్ల సెలైన్ చేర్చాలి. ఆ రోజు స్టోర్ నుంచి 15 మిల్లీగ్రాముల పెట్టె వచ్చిందనుకుందాం. అలవాటుగా ఐదూ విరిచి కలిపేస్తే సిరంజిలో 75 మిల్లీగ్రాములు ఉంటాయి. తెర మీద మాత్రం 1 అనే ఉంటుంది. రోగికి ప్రతి నొక్కుకూ ఒకటిన్నర రెట్లు వెళ్తుంది, పంపు తన దృష్టిలో తాను ఏ తప్పూ చేయదు. ఫెంటానిల్‌ది మరో తలనొప్పి. దాని మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, మార్ఫిన్‌ది మిల్లీగ్రాముల్లో. మధ్య తేడా వెయ్యి రెట్లు.

ఈ ఒక్క అంకె ఎంత పని చేస్తుందో చూపించే కేసు ఒకటి 2003లో కెనడియన్ జర్నల్ ఆఫ్ అనస్థీషియాలో అచ్చయింది. 19 ఏళ్ళ అమ్మాయి. సిజేరియన్ అయి ఆరోగ్యంగా ఉన్న బిడ్డ పుట్టింది. నొప్పికి మార్ఫిన్ పంపు రాశారు: ఒక్క నొక్కుకు 2 మిల్లీగ్రాములు, మధ్యలో 6 నిమిషాల విరామం, నాలుగు గంటల్లో 30 మిల్లీగ్రాములకు మించకూడదు. ఆ సమయానికి మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము ఉండే మందు గొట్టం దొరకలేదు. నర్సు 5 మిల్లీగ్రాములది తీసుకుంది. అందులో తప్పేం లేదు, పంపుకు ఆ మాట చెబితే చాలు. పంపులో మాత్రం 1 అని పడిందని ఆధారాలు సూచించాయి. ఇప్పుడు లెక్క వేయండి. 2 మిల్లీగ్రాములు ఇవ్వాలంటే తన లెక్క ప్రకారం 2 మిల్లీలీటర్లు తోయాలి గనక పంపు 2 మిల్లీలీటర్లు తోసింది. అందులో ఉన్నది 10 మిల్లీగ్రాములు. నాలుగు గంటలకు 30 దాటనివ్వనని కాపలా కాసిన పరిమితి నిజానికి 150 దాకా తలుపు తెరిచి ఉంచింది. పంపు పెట్టిన ఏడున్నర గంటలకు ఆ బాలింత చనిపోయినట్టు ప్రకటించారు.

ఆ వ్యాసం రాసిన కిమ్ విసెంటే, ఆయన సహచరులు అక్కడితో ఆగలేదు. ఆ రకం పంపును 2.2 కోట్ల సార్లు వాడారన్న తయారీదారు లెక్కను తీసుకుని, దొరికిన ప్రమాద నివేదికలతో పోల్చి, అంకెలు తప్పుగా ఎక్కించడం వల్ల చనిపోయే అవకాశం 33,000 మందిలో ఒకరి నుంచి 3,38,800 మందిలో ఒకరి దాకా ఉండొచ్చని అంచనా వేశారు. ఒక్కో రోగికి చూస్తే చాలా తక్కువ. మొత్తం కూడితే 65 నుంచి 667 మరణాలు. విసెంటే వైద్యుడు కాదు, టొరంటో విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్ ప్రొఫెసర్. పంపు తెరను మనిషి ఆలోచించే వరుసలో మళ్ళీ అమరిస్తే నర్సుల తప్పులు తగ్గుతాయని, పని త్వరగా కూడా అవుతుందని ఆయన బృందం పరీక్షలు పెట్టి చూపించింది. నర్సు పొరపాటు అని తీర్పు చెప్పేముందు ఆ తెర ఆమెను ఏ దారిన నడిపించిందో చూడాలన్నది వాళ్ళ వాదన. నాకది న్యాయంగానే తోస్తుంది.

యంత్రాల తప్పులూ తక్కువేం కావు. 2005 నుంచి 2009 దాకా అన్ని రకాల ఇన్ఫ్యూజన్ పంపుల మీద దాదాపు 56,000 ప్రమాద నివేదికలు అందాయని, 87 సార్లు పంపులను వెనక్కి పిలిపించారని అమెరికా ఎఫ్‌డీఏ 2010లో ప్రకటించింది. ఒకసారి నొక్కిన అంకె రెండుసార్లు పడటం కూడా వాటిలో ఉంది. 1 నొక్కితే 11 అన్నమాట. ఆ తర్వాత వచ్చిన పంపుల్లో ప్రతి మందుకూ హద్దులు ముందే రాసి ఉంచుతున్నారు. హద్దు దాటితే పంపు "నిజమేనా?" అని అడుగుతుంది, మరీ దాటితే ససేమిరా అంటుంది. అదీ సిరంజి లోపలికి తొంగిచూడలేదు.

కాబట్టి మిగిలింది ఇంకో నర్సు కళ్ళు. పంపు మొదలుపెట్టేటప్పుడు, సిరంజి మార్చేటప్పుడు, మోతాదు మార్చినప్పుడు, డ్యూటీ చేతులు మారేటప్పుడు ఇద్దరు చూడాలన్నది నియమం. ఎలా చూడాలన్నదే అసలు మెలిక. "అక్కా, 1 మిల్లీగ్రాము, 10 నిమిషాలు పెట్టా, ఒక సంతకం పెట్టవా" అంటే ఆ అక్క పెట్టేది సంతకమే, చూపు కాదు. ముందే జవాబు వినేసిన మనిషికి తెర మీద ఆ జవాబే కనిపిస్తుంది. రెండో నర్సు డాక్టర్ రాసిన కాగితం తన చేతిలోకి తీసుకోవాలి, ఖాళీ ఆంపుళ్ళు చూడాలి, లెక్క తానే వేసుకోవాలి, ఆ తర్వాతే తెర చూడాలి. దీనికి కొద్ది నిమిషాలు పడుతుంది. రాత్రి డ్యూటీలో వార్డంతటికీ ఇద్దరే ఉన్నచోట ఆ నిమిషాలు ఎక్కడినుంచి వస్తాయన్నది యాజమాన్యం జవాబు చెప్పాల్సిన ప్రశ్న. సంతకాల గడులు పెంచడం దానికి జవాబు కాదు.

డాక్టర్ల చేతిరాత సంగతి కూడా. 1.0 అని రాస్తే చుక్క కనపడక 10 అవుతుంది, .5 అని రాస్తే 5 అవుతుంది. 1 అని, 0.5 అని రాయాలి. ఇంత చిన్న విషయం ఇన్నేళ్ళుగా చెబుతూనే ఉండాల్సి వస్తోంది.

గుర్రు నిద్ర కాదు

మార్ఫిన్ జాతి మందులు చంపేది శ్వాసను మందగింపజేసి. ఊపిరి తగ్గకముందు మగత పెరుగుతుంది. ఈ వరుస తెలిసిన నర్సు చేతిలో రోగి చాలావరకు క్షేమం. అమెరికాలో నొప్పి నివారణ మీదే పనిచేసిన క్రిస్ పసేరో అనే నర్సు మగతను కొలవడానికి ఒక కొలమానం తయారుచేసింది. మామూలు నిద్రలో ఉండి పిలవగానే లేవడం ఒక మెట్టు. పూర్తి మెలకువ ఒకటో అంకె. కాస్త మత్తుగా ఉన్నా సులువుగా లేవడం రెండో అంకె. ఇక్కడిదాకా ఫరవాలేదు. మూడో అంకె దగ్గర గంట మోగాలి: మాట్లాడుతూ మాట్లాడుతూనే, మాట మధ్యలో కళ్ళు మూతలు పడటం. "రాత్రి ఏం తిన్నారు?" అంటే "ఇడ్లీ..." అని ఆగిపోయే మనిషి బాగా నిద్రపోతున్నట్టు కాదు. అక్కడే మోతాదు తగ్గించాలి, డాక్టర్‌కు చెప్పాలి, మంచం దగ్గరే ఉండాలి. నాలుగో అంకె అంటే పిలిచినా తట్టినా పెద్దగా పలకకపోవడం. అప్పుడు పంపు ఆపడం, సాయానికి పిలవడం, ఊపిరి నిలబెట్టడం తప్ప ఇంకో ఆలోచన ఉండకూడదు.

శ్వాస లెక్కించడానికి ఒక పద్ధతి ఉంది. రోగిని ముట్టుకోకముందే, పిలవకముందే, ఛాతీ లేవడం దిగడం చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. ముట్టుకుంటే మెలకువ వచ్చి శ్వాస మారిపోతుంది. పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చవేస్తే మధ్యమధ్య ఆగిపోయే ఊపిరి లెక్కలోకి రాదు. కేస్ షీట్లలో ప్రతి రోగికీ ప్రతి గంటకూ 18 అనో 20 అనో వరసగా కనిపిస్తే అనుమానించాల్సిందే. మనుషులందరూ ఒకే తాళంలో ఊపిరి పీల్చరు.

ఇక ఇంట్లోవాళ్ళ మాట. "ఇప్పుడే కన్ను మూతపడింది సిస్టర్, లేపకండి. ఎంత హాయిగా గుర్రు పెడుతున్నారో చూడండి" అంటారు. గుర్రు గాలి దారి ఇరుకవుతోందనడానికి గుర్తు. మార్ఫిన్ మీద ఉన్న మనిషి గట్టిగా గుర్రు పెట్టి, చప్పున ఆగి, మళ్ళీ ఒక్క ఉలికిపాటుతో మొదలుపెడితే సిస్టర్ లేపి తీరుతుంది. కోపగించుకోకండి. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ముందే ఉన్నవాళ్ళు, బాగా లావుగా ఉన్నవాళ్ళు, నిద్రమాత్రలు వాడేవాళ్ళు, కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్ళు మరీ జాగ్రత్త. కిడ్నీ సరిగ్గా లేకపోతే మార్ఫిన్ విరిగి ఏర్పడే పదార్థం ఒంట్లో పేరుకుని గంటలు గడిచాక మగత ముంచుకొస్తుంది. ఈ సంగతులు ఆపరేషన్‌కు ముందే సిస్టర్ చెవిన వేయాల్సింది ఇంట్లోవాళ్ళే. గుర్రు సంగతి భార్యకు తెలిసినంతగా ఏ పరీక్షకూ తెలియదు.

ఇంతా చేసి, నర్సు కన్ను ఒక్కటే సరిపోతుందా? సరిపోదని 2015లో అనస్థీషియాలజీ పత్రికలో వచ్చిన ఒక పరిశీలన చెబుతోంది. ఆపరేషన్ తర్వాత ఇలాంటి మందులతో శ్వాస మందగించి పరిహారం కోరేదాకా వెళ్ళిన 92 అమెరికన్ కేసులను అందులో పరిశీలించారు. 88 శాతం ఆపరేషన్ జరిగిన 24 గంటల్లోపే జరిగాయి. గమనింపు మెరుగ్గా ఉంటే 97 శాతం తప్పేవని తేల్చారు. నన్ను ఆపేసిన అంకె వేరు: 16 శాతం కేసుల్లో నర్సు వచ్చి చూసి వెళ్ళిన పావుగంటలోపే రోగి ప్రమాదంలో కనిపించారు. ఆమె వచ్చింది, చూసింది, రాసింది. అయినా. గంటకోసారి చూడటం ఎంత నిజాయితీగా చేసినా మధ్యలో 59 నిమిషాలు ఎవరూ చూడనివే.

ఆ ఖాళీ పూరించడానికే మానిటర్లు. వాటిలోనూ ఒక మోసం ఉంది. వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్ మీద 98 చూసి అందరూ ఊరట పడతారు. ముక్కుకు ఆక్సిజన్ పెట్టిన మనిషికి ఊపిరి సగం తగ్గినా ఆ అంకె చాలాసేపు బాగానే ఉంటుంది, లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటూ పోతుంది. వదిలే గాలిలో దాన్ని కొలిచే కాప్నోగ్రఫీ అయితే ముందే పసిగడుతుంది. ఆ రెండు పరికరాలనూ వార్డుల్లో నిరంతరాయంగా పెట్టి 1,335 మందిని గమనించిన 'ప్రాడిజీ' అధ్యయనం 2020లో వెలువడింది. 46 శాతం మందికి కనీసం ఒక్కసారి శ్వాస మందగించింది. మన వార్డుల్లో కాప్నోగ్రఫీ ఇంకా ఓటీ, ఐసీయూ గడప దాటి పెద్దగా రాలేదు.

చేతికి అందేలా ఉండాల్సిన విరుగుడు నాలోక్సోన్. ఆంపుల్‌లో 400 మైక్రోగ్రాములు ఉంటుంది. ఊపిరి ఇంకా ఆడుతున్న మనిషికి దాన్ని 10 మిల్లీలీటర్లు చేసి ఒక్కో మిల్లీలీటరే ఇచ్చుకుంటూ చూస్తారు. ఒక్కసారే తోసేస్తే నొప్పి మొత్తం తిరగబెట్టి గుండె మీద పడుతుంది. ఇచ్చాక రోగి కళ్ళు తెరిచి మాట్లాడితే గండం గడిచిందనుకోవడం ఇంకో ప్రమాదం. నాలోక్సోన్ పట్టు త్వరగా సడలిపోతుంది, మార్ఫిన్ ఇంకా ఒంట్లోనే ఉంటుంది.

గొట్టం ఎక్కడికి వెళ్తోంది

సిరంజి నుంచి నరం దాకా గొట్టాన్ని వేళ్ళతో తడుముకుంటూ వెళ్ళడం పాతకాలపు అలవాటు. ఇప్పటికీ దాన్ని మించింది లేదు. ఒకే క్యాన్యులాకు సెలైనూ, పంపూ కలిపి ఉన్నాయనుకోండి. క్యాన్యులా మూసుకుపోతే పంపు తోసిన మందు నరంలోకి పోలేక సెలైన్ గొట్టంలోకి వెనక్కి ఎక్కుతుంది. ఎవరో వచ్చి అడ్డు తొలగించగానే అక్కడ నిలిచిన మందంతా ఒక్క పెట్టున ఒంట్లోకి పోతుంది. సెలైన్ వైపు వెనక్కి పోనివ్వని వాల్వు పెట్టేది ఇందుకే. సిరంజి పంపులో సరిగ్గా బిగుసుకోకపోతే, పంపు మంచం కన్నా బాగా ఎత్తున ఉంటే, మందు తన బరువుకే దిగిపోవచ్చు. దానికి ఇంకో వాల్వు. రెండూ ఉన్న గొట్టం ధర కాస్త ఎక్కువ. కొనేవాళ్ళు ఓసారి వార్డులో నిలబడి చూస్తే బేరమాడరు. కొత్త గొట్టంలోంచి గాలి తీసేటప్పుడు అది రోగికి తగిలించి ఉండకూడదన్నది చెప్పనక్కర్లేని మాట, అయినా చెప్పాలి.

వెన్నులో సన్నగొట్టం పెట్టి మందు పంపే ఎపిడ్యూరల్ పంపు ఇంకా కఠినం. మోకీలు మార్పిడి, పెద్ద కడుపు ఆపరేషన్లు, నొప్పుల్లేని ప్రసవాల పుణ్యమా అని ఇది మన నగరాల్లో బాగానే వాడుకలో ఉంది. అందులో ఉండే బుపివకైన్ వెన్నులోకి వెళితే నొప్పి తీరుతుంది, నరంలోకి వెళితే గుండె ఆగుతుంది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో 2006 జూలైలో ప్రసవానికి వచ్చిన 16 ఏళ్ళ అమ్మాయికి పెన్సిలిన్ అనుకుని ఎపిడ్యూరల్ సంచిని నరానికి తగిలించారు. ఆ అమ్మాయి చనిపోయింది. నర్సు ముందురోజు రెండు షిఫ్టులు వరసగా చేసి, ఆసుపత్రిలోనే కాసేపు పడుకుని మళ్ళీ డ్యూటీకి ఎక్కింది. ఆమె మీద క్రిమినల్ కేసు పెట్టారు. వెన్నుకు వెళ్ళాల్సిన సంచి నరం గొట్టానికి అంత సులువుగా ఎందుకు తగులుకుంది అన్న ప్రశ్న మీద మాత్రం ఎవరూ కేసు పెట్టలేదు. పదేళ్ళకు, 2016లో, వెన్ను గొట్టాలకు నరం గొట్టాలతో అతకని ప్రత్యేక కొసలు ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. అవి అందని చోట పసుపు చారల గొట్టం, పెద్దక్షరాల చీటీ, మంచానికి రెండోవైపు పెట్టిన పంపు, ఇవే రక్ష.

ఎపిడ్యూరల్ ఉన్నవాళ్ళను సిస్టర్ "కాళ్ళు కదిలించమ్మా, మోకాలు మడవండి" అని గంటగంటకూ అడిగేది ఊరికే కాదు. మందు తగ్గించినా కాళ్ళ బలం ఇంకా తగ్గుతుంటే వెన్నులో రక్తం గడ్డకట్టి నరాలను నొక్కుతోందేమో అనుమానించాలి. ఎనిమిది గంటల్లోపు ఆపరేషన్ చేసి తీయగలిగితే కాళ్ళు దక్కే అవకాశం ఎక్కువ. "నోట్లో ఇనుము రుచిగా ఉందా, పెదాలు తిమ్మిరిగా ఉన్నాయా, చెవుల్లో హోరుమంటోందా?" అన్న ప్రశ్నలు మందు రక్తంలోకి పోతోందేమో కనిపెట్టడానికి.

పీసీఏ పంపు కొనలేని ఆసుపత్రుల్లో మామూలు సిరంజి పంపులోనే ఫెంటానిల్ పెట్టి గంటకు ఇన్ని మిల్లీలీటర్లని వదిలేయడం కూడా కనిపిస్తుంది. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, ధర్మం వేరు. రోగి నిద్రలోకి జారినా ఇది ఆగదు. అలాంటి మందులు అలవాటు లేని పెద్దవాళ్ళకు, బటన్‌తో పాటు వెనకాల నిరంతరంగా మందు నడిపించడాన్ని మామూలు పద్ధతిగా పెట్టుకోవద్దని అమెరికన్ పెయిన్ సొసైటీ 2016 మార్గదర్శకాలు చెప్పాయి. బటనే లేకుండా నడిపిస్తే ఇంకెంత కాపలా కావాలి?

ఇదంతా చదివి పంపు అంటేనే భయపడితే అది ఇంకో అన్యాయం. మన దేశంలో నొప్పి మందు ఎక్కువై బాధపడ్డవాళ్ళ కన్నా అందక బాధపడ్డవాళ్ళే ఎక్కువ. ఘాజీపూర్, నీమచ్‌లలో ప్రభుత్వమే నల్లమందు శుద్ధి చేసే ఫ్యాక్టరీలు నడుపుతుంది. అలాంటి దేశంలో, 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వచ్చాక లైసెన్సుల చిక్కులకు జడిసి చాలా ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచుకోవడమే మానేశాయి. 2014లో చట్టం సవరించి మార్ఫిన్, ఫెంటానిల్ సహా ఆరు మందులను అత్యవసర జాబితాలో చేర్చి, గుర్తింపు పొందిన వైద్య సంస్థలకు దారి సులువు చేశారు. కేరళకు చెందిన డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి తిరిగిన ఫలితమది. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి పాలియేటివ్ విభాగం వంటి చోట్ల మార్ఫిన్ ఇప్పుడు రోజువారీ మందే. చిన్న నర్సింగ్ హోముల్లో "ఓర్చుకోండమ్మా, ఆపరేషన్ అన్నాక నొప్పి ఉండదా" అన్న మాట ఇంకా వినిపిస్తూనే ఉంది.

మళ్ళీ వార్డుకొద్దాం. రోగి గంజి తాగి, మాత్ర మింగి నిలుపుకోగలిగాక పంపు తీసేస్తారు. తీసేటప్పుడు ఒక లెక్క ఉంది, నిజానికి ప్రతి డ్యూటీ మార్పుకూ చేయాల్సిన లెక్కే అది. సిరంజిలో మొదట నింపింది 50 మిల్లీలీటర్లు. ఇప్పటిదాకా 31 పంపించానని తెర చెబుతోంది. అయితే సిరంజిలో 19 ఉండాలి. వెళ్ళే సిస్టర్, వచ్చే సిస్టర్ ఇద్దరూ మంచం దగ్గరే నిలబడి, సిరంజి గీతల మీద ఆ 19 ఉందో లేదో చూస్తారు. మిగిలిన మందును సాక్షి ఎదుట పారబోసి, ఎంత పారబోశారో రిజిస్టర్‌లో రాసి ఇద్దరూ సంతకం చేస్తారు. 19కి బదులు 12 ఉంటే ఆ 7 మిల్లీలీటర్లు రోగి ఒంట్లోకి జారిపోయి ఉండాలి, లేదా గొట్టం కారి ఉండాలి, లేదా ఎవరో తీసి ఉండాలి. మూడింటిలో ఏదో తేలేదాకా ఎవరి డ్యూటీ అయిపోయినట్టు కాదు. మొదట చూడాల్సింది మాత్రం రిజిస్టర్‌ను కాదు, రోగి ఛాతీని. నిండా ఒక నిమిషం.